మీది ఏ ఊరు?

పిల్లలూ! తెలుగువారు కొత్తగా కలిస్తే మొదట అడిగే ప్రశ్న "మీది ఏ ఊరు?" బదిలీల మీద వచ్చి టెల్కో కాలనీలో ఉంటున్న మనం దీనికి ఏమని జవాబు చెప్పాలి? ముందు 'ఊరు' అనే మాటను పరిశీలిద్దాం.

హిందీలో 'గావ్' అంటే పల్లె, 'శహర్' అంటే నగరం. తెలుగులో రెండూ ఊళ్ళే. శ్రీకాకుళం జిల్లాలోని చిన్న పల్లె కూడా ఊరే, విశాఖపట్నం కూడా ఊరే. "నాన్నగారు ఊళ్ళో లేరు" అంటే వేరేచోటికి వెళ్ళారని అర్థం. "ఊరంతా కదిలి వచ్చింది" అన్నప్పుడు ఊరు అంటే ప్రజలు.

ఇదే రూపంలో ఒక క్రియ కూడా ఉంది. బావిలో నీరు ఊరుతుంది. ఉప్పు, కారం, నూనెలలో ముక్కలు ఊరితే ఊరగాయ. దాన్ని తలచుకుంటే నోరు ఊరుతుంది!

'ఊరికే' అనే మాట చూడండి.
"అమ్మమ్మగారి ఊరికి వెళ్ళాను" – గ్రామానికి.
"ఈ పుస్తకం ఊరికే ఇచ్చారు" – డబ్బు తీసుకోకుండా.
"పాప ఊరికే ఏడుస్తోంది" – కారణం లేకుండా.
చివరి 'కి' 'కే'గా మారితే అర్థమే మారిపోయింది.

మనం ఉంటున్న ఊరి పేరులోనూ ఊరు ఉంది. సాక్చి అనే పల్లె దగ్గర ఉక్కు కర్మాగారంతో పెరిగిన ఈ నగరానికి 1919లో జమ్‌షెట్‌జీ టాటా పేరిట జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఇందులోని 'పూర్', మన అనంతపురంలోని 'పురం' ఒకటే. 1945లో పుట్టిన టెల్కో కంపెనీ 2003లో టాటా మోటార్స్ అయింది. కాలనీ మాత్రం టెల్కో కాలనీగానే ఉంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. "మీది ఏ ఊరు?" అంటే సాధారణంగా పెద్దల సొంత ఊరు అడిగినట్లు. "ఏ ఊళ్ళో ఉంటున్నారు?" అంటే ఇప్పటి ఊరు. "ఏ ఊళ్ళో పుట్టావు?" అంటే మరొకటి కావచ్చు. మూడు జవాబులూ నిజమే.

హిందీలో 'హమారా' ఒక్కటే. తెలుగులో 'మా', 'మన' రెండున్నాయి. సెలవుల్లో తాతగారితో టెల్కో గురించి చెప్పేటప్పుడు "మా ఊరు" అంటాం. పక్క క్వార్టర్ స్నేహితుడితో "మన ఊరు" అంటాం. రేపు మళ్ళీ బదిలీ అయినా, ఇక్కడి స్నేహితుడు కలిసినప్పుడు ఇది "మన ఊరే".

అభ్యాసం: 'ఊరు', 'ఊరింది', 'ఊరికే', 'మన ఊరు' – వీటిని సొంత వాక్యాలలో రాయండి.