తగ్గని రొంప, గోడకు చెమ్మ

వానలు పడుతుండగా పిల్లాడికి రొంప పట్టిందంటే తడిసొచ్చాడనో, ఐస్‌క్రీం తిన్నాడనో కేకలేస్తాం. మామూలు జలుబైతే వారం పది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. మూడు వారాలైనా ముక్కు కారుతూనే ఉండి, కారేది నీళ్లలా పల్చగా ఉండి, ఒళ్లు మాత్రం వెచ్చబడకపోతే బూజు అలర్జీ ఏమోనని ఒకసారి అనుమానించండి. చెమ్మకు పెరిగే బూజు నుంచి కంటికి కనిపించనంత సన్నటి రేణువులు గాల్లోకి లేస్తాయి. పడని పిల్లలకు వాటితోనే గొడవ.

పిల్లల్ని కాస్త దగ్గరగా గమనించండి. దురద ఆగక అరచేత్తో ముక్కు కొనను పైకి నెడుతుంటారు. అదే పనిగా నెట్టగా నెట్టగా ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడుతుంది. కళ్ల కింద నలుపు చూసి రాత్రంతా ఫోన్ చూశాడని తిట్టకండి, ముక్కు దిబ్బడ వల్లా అలా అవుతుంది. లేస్తూనే వరసగా తుమ్ములు, కళ్లు నులుముకోవడం, నోరు తెరుచుకుని నిద్రపోవడం, రాత్రిళ్లు పొడిదగ్గు కూడా ఉండొచ్చు. ఆస్తమా ఉన్న పిల్లలైతే పిల్లికూతలు మొదలవుతాయి. ఊపిరికి డొక్కలెగరేస్తున్నా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నన్నడిగితే ఏ మందు వేయాలన్న దానికంటే ఎక్కడ, ఎప్పుడు ఎక్కువవుతోందన్నదే ముందు తేల్చుకోవాలి. ఊరెళ్లిన నాలుగు రోజులూ హాయిగా ఉండి, తిరిగొచ్చిన రాత్రే దగ్గు అందుకున్నాడా? బాత్‌రూమ్ గోడకు ఆనించిన బీరువా జరిపి చూడండి. కూలర్ గడ్డి, ఏసీ ఫిల్టర్, అటక మీది బొంతలు, మూలన పడేసిన తడి బూట్లు కూడా చూడాల్సినవే. గదిలో దండెం కట్టి ఉతికిన బట్టలారేస్తే చెమ్మ ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ ఓ కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. పరుపుల్లో ఉండే దుమ్ము పురుగుల వల్లా ఇవే లక్షణాలు వస్తాయి కాబట్టి అవసరమనుకుంటే చర్మం మీద చిన్న పరీక్ష చేస్తారు. ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. అలర్జీ మాత్రలేమైనా వాడుతుంటే పరీక్షకు ముందే చెప్పాలి.

ఈలోగా సొంత వైద్యం వద్దు. అలర్జీకి యాంటిబయాటిక్ పనిచేయదు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు సిరప్‌లు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసాల మీద రాయాలంటూ 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణ అధికారులే ఆదేశించారు. పోయినేడు మిగిలిన సీసా పట్టించేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.

గోడ తుడిచేటప్పుడు పిల్లల్ని పక్కింటికి పంపి, మూతికి మాస్కు కట్టుకోండి. బ్లీచింగ్ నీళ్లలో బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది. అద్దె ఇల్లయితే ఓనరుగారు రంగేయించేస్తానంటారు. పైపు లీకు బాగుచేయించి, గోడ ఆరాకే రంగు వేయమనండి. లేకపోతే పై వానాకాలానికి ఆ రంగు మీదే మళ్లీ బూజు పడుతుంది.