పాలలో నీళ్ళెన్ని? గొట్టం చెబుతుంది!

పిల్లలూ! ఒక గ్లాసు నీళ్ళలో చెంచాడు వేరుశనగ నూనె వెయ్యండి. నూనె తేలుతుంది. నీటికన్నా చిక్కగా ఉండే నూనె ఎందుకు మునగలేదు? చిక్కదనం వేరు, సాంద్రత వేరు. ఒక ఘన సెంటీమీటరు నీరు 1 గ్రాము తూగితే, అంతే నూనె సుమారు 0.92 గ్రాములే తూగుతుంది. పాలు మాత్రం నీటికన్నా కాస్త బరువు - సుమారు 1.03 గ్రాములు.

లాక్టోమీటరు పనిచేసేది ఈ చిన్న తేడాతోనే. మీరూ ఒకటి చేసుకోవచ్చు. కూల్‌డ్రింకు తాగే ప్లాస్టిక్ గొట్టం ఒక కొనను, నీరు చొరకుండా మైనంతో మూయండి. లోపల సన్న మేకులు వేస్తూ, పొడుగాటి గ్లాసులోని నీటిలో 10 సెం.మీ. మునిగి నిటారుగా నిలిచేటట్లు చెయ్యండి. నీటిమట్టం దగ్గర గీత గియ్యండి. తరువాత పాలలో ఉంచండి. గీత దాదాపు 3 మి.మీ. పైకి వస్తుంది. పాలకు సమానంగా నీళ్ళు కలిపితే ఒకటిన్నర మి.మీ. మాత్రమే! పాలూ, నీళ్ళూ ఒకే వేడిలో ఉండాలి సుమా.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. వెన్న నీటికన్నా తేలిక. కనుక మీగడ తీసేస్తే పాల సాంద్రత పెరుగుతుంది. ఆపైన తగినన్ని నీళ్ళు పోస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. పాపం, లాక్టోమీటరు "మంచి పాలే" అంటుంది! అందుకే పాల కేంద్రాలలో వెన్న శాతాన్ని కూడా కొలుస్తారు.

నీళ్ళు కలిపిన ఆ పాలలోనే రెండు చెంచాల పంచదార కరిగించి, గొట్టాన్ని మళ్ళీ ఉంచండి. గీత ఎటు జరిగింది? ఎందుచేత?