వైరు ద్వారా కంప్యూటరుకు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే విధానం

పాలు పోయగానే లీటర్లు, వెన్నశాతం, రేటు అచ్చయి చీటీ చేతికి రావటం మన సభ్యులకు అలవాటైపోయింది. ఆ చీటీ ఇచ్చే కంప్యూటరును నడిపేది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 10కి మామూలుగా ఉచితంగా వచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవి గనుక, పాత యంత్రాలున్న సంఘాలు కొత్త సిస్టమ్ సంగతి ఆలోచించవలసి ఉన్నది. ఒక్క యంత్రమే అయితే పెన్‌డ్రైవు చాలును, ఈ పాఠంతో పనిలేదు. చుట్టుపక్కల పది సంఘాల యంత్రాలను శీతలీకరణ కేంద్రానికి తెచ్చి ఒకేసారి ముగించదలచినపుడు మాత్రం నెట్‌వర్క్ బూటింగ్ అక్కరకు వస్తుంది.

దీనికి పిఎక్స్ఇ అని పేరు. ఇంటెల్ కంపెనీ రూపొందించిన ఈ పద్ధతి 2.1వ ప్రమాణం 1999లో వెలువడింది. కంప్యూటరు లోపల ఫ్యాక్టరీలోనే అమర్చిన చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. డిస్కు ఖాళీగా ఉన్నా అది పనిచేస్తుంది. "నాకు చిరునామా ఎవరిస్తారు? నేను నడపవలసిన ఫైలు ఎక్కడున్నది?" అని వైరు మీద కేక వేస్తుంది. డిహెచ్‌సిపి సర్వరు దానికి చిరునామా ఇచ్చి, ఫైలు ఏ యంత్రంలో ఏ పేరుతో ఉన్నదో చెబుతుంది. టిఎఫ్‌టిపి పద్ధతిలో ఆ ఫైలు వచ్చి, ఇన్‌స్టాలరును పిలుచుకొస్తుంది. టిఎఫ్‌టిపి మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందినదని జవాబు వచ్చాకనే తరువాతి ముక్క పంపుతుంది. గరిటెతో క్యాను నింపినట్లే! అందువల్ల చిన్న ఫైళ్లకే దానిని వాడి, పెద్దవాటిని హెచ్‌టిటిపి ద్వారా తెప్పించవలెను.

సర్వరుగా లినక్స్ ఉన్న పాత కంప్యూటరు ఒకటి, ఒక స్విచ్చి, వైర్లు ఉంటే చాలు. వైఫై మీద ఆధారపడరాదు. డిఎన్ఎస్‌మాస్క్ అనే ఒక్క ప్రోగ్రామే డిహెచ్‌సిపి, టిఎఫ్‌టిపి పనులు రెండూ చూసుకుంటుంది. అయితే కేంద్రంలోని రూటరు అప్పటికే చిరునామాలు ఇస్తూ ఉంటుంది. రెండో సర్వరు కూడా పంచటం మొదలుపెడితే ఆఫీసు మొత్తం చిక్కులో పడుతుంది. కావున డిఎన్ఎస్‌మాస్క్‌ను ప్రాక్సీ పద్ధతిలో నడపవలెను. అప్పుడు చిరునామా రూటరే ఇస్తుంది, ఫైలు సంగతి మాత్రం మన సర్వరు చెబుతుంది. డెబియన్ వారి నెట్‌బూట్ మూటను టిఎఫ్‌టిపి ఫోల్డరులో విప్పితే, పాత బయోస్ యంత్రాలకు, కొత్త యుఇఎఫ్ఐ యంత్రాలకు వేర్వేరు బూట్ ఫైళ్లు ఉంటాయి. ఒకదాని ఫైలు రెండోదానికి పనికిరాదు. "ఫైలు వచ్చింది, యంత్రం కదలటం లేదు" అనే ఫిర్యాదుకు తరచు కారణం ఇదే.

భాష, గడియారం, డిస్కు విభజన వంటి ప్రశ్నలకు జవాబులు ముందే వ్రాసి పెట్టే ప్రీసీడ్ ఫైలు కూడా ఉన్నది. పది యంత్రాల దగ్గర మనిషి కూర్చోనక్కరలేదు. సౌకర్యమూ ఇక్కడే, ప్రమాదమూ ఇక్కడే. డిస్కు తుడవమంటారా అన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంటుంది గదా! మెనూలో "లోపలి డిస్కు నుంచే లేవవలెను" అన్నదానిని మొదటి ఎంపికగా ఉంచి, ఇన్‌స్టాలేషన్‌ను చేతితో ఎంచుకొనేట్లు చేయవలెను. లేకపోతే వైరును మొదట చూసే యంత్రం ప్రతిసారీ మళ్లీ తుడుచుకుంటుంది. బోనసు లెక్కకు ఏడాది పొడవునా పోసిన పాల వివరాలు కావాలి. అవి పోతే సభ్యునికి సమాధానం చెప్పటం కార్యదర్శి తరం కాదు. కావున పని మొదలుపెట్టక మునుపే సభ్యుల ఖాతాలు, వాటాల రిజిస్టరు రెండు వేర్వేరు చోట్ల నకలు తీసి, ఒక నకలును వేరే యంత్రంలో తెరచి చూడవలెను.

పాల సేకరణ సాఫ్ట్‌వేరు లినక్స్‌పై నడుస్తుందా అని దాని సరఫరాదారుని ముందే అడగటం మంచిది. విండోస్ మీదనే నడిచేదైతే డెబియన్ ఎక్కించి లాభం లేదు. విండోస్‌ను కూడా వైరు ద్వారా ఎక్కించవచ్చు గాని, ఆ అమరిక వేరు, లైసెన్సులూ కావాలి.

టిఎఫ్‌టిపికి తాళం లేదు. పాస్‌వర్డు అడగదు, వైరుకు తగిలినవారెవరైనా ఫైలు తీసుకోగలరు. పని ముగిసిన సాయంత్రమే సర్వరు ఆపివేయవలెను. యంత్రాలు సంఘాలకు చేరాక తూకం యంత్రాన్ని, పాల పరీక్ష యంత్రాన్ని తగిలించి, పోర్టు నెంబరు సరిచూసి, సేకరణ వేళకు ముందే కొద్దిపాటి పాలతో ఒక చీటీ తీసి చూడండి.