పగటిపూట ఇంట్లో ఉండేది ఎవరు?

జనగామలో కిరాయి ఇల్లు వెతకడం పెద్ద లెక్కేమీ కాదు. రోజూ రైలెక్కి సికింద్రాబాద్ పోయొచ్చే ఉద్యోగి స్టేషన్‌కు నడిచి చేరేంత దూరంలో చూసుకుంటాడు. హన్మకొండలో డ్యూటీ ఉన్న టీచరమ్మ ఆ రోడ్డువైపు చూసుకుంటుంది. మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి. బడి బస్సు వీధి మొగదలకు వస్తుంది, కూరగాయల బండి గుమ్మం ముందే ఆగుతుంది, పిల్లకు జ్వరమొస్తే పిలిచినంతలో ఆటో దొరుకుతుంది. ఏ బజారులో దిగినా ఇంట్లో ఉండేవాళ్ల రోజు ఒకేలా గడుస్తుంది కాబట్టి, ఉద్యోగానికి ఎంత దూరమన్నదే కొలత. చిన్నపిల్లలతో డల్లాస్‌కో మెల్‌బోర్న్‌కో బయల్దేరే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కుటుంబాలు ఈ కొలతనే వెంట తీసుకుపోతున్నాయి.

అక్కడ ముందు అడగాల్సిన ప్రశ్న వేరు. పొద్దున పదకొండింటికి ఆ ఇంట్లో ఎవరుంటారు?

మామూలుగా జరిగేది ఇదీ. ఉద్యోగం వచ్చిన మనిషి ముందు వెళ్తాడు. రెండు మూడు నెలలు రూమ్మేట్లతో సర్దుకుని, భార్యాపిల్లల వీసాలు వచ్చేలోపు ఓ శనివారం పూట అపార్ట్‌మెంట్ ఖాయం చేస్తాడు. ఏ ఊరన్నది అప్పటికే ఫోన్లో తేలిపోయి ఉంటుంది: "మా బావమరిది ఆడనే ఉంటడు, మనోళ్లు మస్తుమంది ఉన్నరు." ఏడాది లీజు మీద సంతకం పడుతుంది. తర్వాత భార్య నాలుగేళ్ల పిల్లతో దిగుతుంది. ఇంటికున్న ఒక్క కారూ ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్లిపోతుంది. ఇక సాయంత్రం ఆరు దాకా ఆ ఊరు ఆమెది. కానీ దాన్ని ఎంచేటప్పుడు ఆమెను అడిగినవాళ్లు లేరు.

డల్లాస్ ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోనే చూడండి. 2000లో 33 వేల జనాభా ఉన్న ఊరు 2020 నాటికి రెండు లక్షలైంది. ఆ పెరుగుదలలో తెలుగువాళ్ల వాటా బాగా కనిపిస్తుంది. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, దోసె బండి నుంచి బంగారు కొట్టు దాకా ఏది కావాలన్నా ఉంది. లేనిది రైలు. డల్లాస్ నుంచి నడిచే డార్ట్ రైలు అక్కడి దాకా రాదు. గేటు దగ్గర కోడ్ కొడితే తెరుచుకునే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సు, లోపల ఈతకొలను, చిన్న జిమ్, ఒక ఉయ్యాల. బయట ఆరు లేన్ల రోడ్డు. అరమైలు అవతల దేశీ స్టోర్ బోర్డు కనిపిస్తూనే ఉంటుంది. జులైలో స్ట్రోలర్ తోసుకుంటూ అక్కడికి వెళ్లాలంటే సిగ్నల్ దగ్గర నిలబడి, నీడలేని ఫుట్‌పాత్ మీద నడవాలి. జనగామ ఎండలు చూసినవాళ్లకు ఆ వేడి కొత్తేం కాదు. దారి పొడవునా మనిషి కనబడకపోవడమే కొత్త.

అలాగని ఫ్రిస్కో వద్దని కాదు. ఇంట్లో రెండో కారు, ఇద్దరికీ లైసెన్సు ఉన్నవాళ్లకు అది చక్కటి ఊరు. హెచ్1బి ఉద్యోగి భార్యగా హెచ్4 వీసా మీద వచ్చే ఇల్లాలికి మొదట్లో రెండూ ఉండవు, ఉద్యోగమూ ఉండదు. 2015 మే నుంచి హెచ్4 వాళ్లకు పని అనుమతి ఇస్తున్నారు గానీ, అది భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ140 ఆమోదం దాకా వచ్చినవాళ్లకో, హెచ్1బి ఆరేళ్లు దాటి పొడిగింపు దొరికినవాళ్లకో. అంటే కొత్తగా దిగిన కుటుంబానికి అది కొన్నేళ్ల మాట. అలాంటి ఇంటికి మొదటి ఏడాది డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్ లాంటి ఊళ్లో కొట్టు, పార్కు, లైబ్రరీ కాలినడకన అందే పాత అపార్ట్‌మెంటే మేలు. విమానాశ్రయం దాకా వెళ్లే డార్ట్ ఆరెంజ్ లైన్ 2014లో ఆ ఊరి మీదుగానే పూర్తయింది.

బడి విషయంలో ఊరి పేరు నమ్మితే మోసపోవడం ఖాయం. టెక్సస్‌లో బడులను నడిపేది ఊరు కాదు, స్కూల్ డిస్ట్రిక్టు (ఐఎస్‌డీ). రెండింటి సరిహద్దులూ ఒకటి కావు. ఇర్వింగ్ చిరునామాతోనే ఒకరి పిల్లలు ఇర్వింగ్ ఐఎస్‌డీకి వెళ్తే, వ్యాలీ రాంచ్‌లో చాలామంది కొప్పెల్ ఐఎస్‌డీకి, లాస్ కొలినాస్‌లో కొందరు క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీకి వెళ్తారు. ఫ్రిస్కో ఊరిలోనూ కొంత భాగం ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల కిందికి వస్తుంది. లీజింగ్ ఆఫీసులో అమ్మాయి చెప్పిందని ఊరుకోకుండా, ఇంటి నంబరుతో సహా చిరునామాను డిస్ట్రిక్టు వెబ్‌సైట్లో కొట్టి చూడాలి. ఏ ప్రాథమిక బడి వస్తుందో అక్కడే తేలుతుంది.

ఇక రేటింగులు. మన వాట్సాప్ గ్రూపుల్లో పదికి పది బడి అన్న మాట ఎంసెట్ ర్యాంకులా తిరుగుతుంటుంది. ఆ పది కోసం నెలకు మూడు నాలుగు వందల డాలర్లు ఎక్కువ కట్టడానికి సిద్ధపడే తండ్రి, పిల్లకు ఇంకా అక్షరాలే రాలేదని మర్చిపోతాడు. ఆ అంకెలు ఎక్కువగా మూడో తరగతి, ఆపై పరీక్షల నుంచి వచ్చేవి. కిండర్‌గార్టెన్ పిల్లకు అవసరమైంది బడి దగ్గరగా ఉండటం. పైగా పేరున్న డిస్ట్రిక్టులో బడి ఎప్పటికీ ఉంటుందన్న హామీ కూడా లేదు. పిల్లల సంఖ్య తగ్గిందని ప్లానో ఐఎస్‌డీ 2024లో నాలుగు బడుల మూసివేతకు తీర్మానించింది. బస్సు సంగతి కూడా ముందే అడగాలి. టెక్సస్‌లో బడి బస్సుకు ప్రభుత్వ నిధులు ముఖ్యంగా రెండు మైళ్లు, ఆపై దూరంలో ఉండే పిల్లల లెక్కన వస్తాయి. మైలున్నరలో ఇల్లు తీసుకున్న కారులేని తల్లికి ఇటు బస్సూ లేదు, అటు నడకా కుదరదు.

అదే టెక్సస్‌లో చాలామంది తెలుగు తల్లిదండ్రులు వదిలేసుకునే సౌకర్యం ఒకటుంది. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండి, ఇంగ్లిష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని పిల్లలు కిండర్‌గార్టెన్‌కు ముందుండే ఉచిత ప్రీకే తరగతికి అర్హులు. చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఫారంలో రాయమంటారు. తెలుగు అని రాస్తే పిల్లను వెనకబెంచీలో వేస్తారేమోనన్న భయంతో ఇంగ్లిష్ అని రాసేవాళ్లున్నారు. అలా రాస్తే ఇంగ్లిష్ వచ్చో రాదో చూసే పరీక్షా ఉండదు, దాంతో వచ్చే సాయమూ ఉండదు. ప్రైవేటు డేకేర్ ఫీజు ఇంటద్దెతో పోటీపడే చోట ఇది చిన్న నష్టం కాదు.

దేశం మారితే పిల్ల తరగతే మారుతుంది. 2021 ఆగస్టులో పుట్టిన పిల్లను తీసుకోండి. ఇంగ్లండ్‌లో నాలుగో పుట్టినరోజు దాటిన సెప్టెంబరులో రిసెప్షన్ అనే తొలి తరగతిలో వేస్తారు. అంటే 2025లోనే బడి. టెక్సస్‌లో సెప్టెంబరు 1 నాటికి ఐదు నిండాలి కాబట్టి 2026 ఆగస్టు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియాలో బడిలో చేరే ఏడాది ఏప్రిల్ 30కి ఐదు నిండాలి. కాబట్టి 2027 జనవరి చివర్లో గానీ ప్రెప్ అనే తొలి తరగతి మొదలుకాదు. ఒకే పిల్లకు ఒక దేశంలో కంటే ఇంకో దేశంలో ఏడాదికి పైగా ఆలస్యం. ఆ ఖాళీలో పిల్లను చూసుకునేదెవరు, డేకేర్‌కు డబ్బెంత అన్నది తేల్చుకోకుండా అద్దె బడ్జెట్ వేసుకోవడం దండగ.

మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్లు పడమర వైపు చేరుతున్నారు. ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2016లో 34 వేలు, 2021లో 59 వేలు. పాయింట్ కుక్, టార్నెట్ పేర్లు జనగామలో కూడా కొందరికి నోటికొచ్చేశాయి. పాయింట్ కుక్ పేరు ఎంత పెద్దదో, రైలు లోటు అంత పెద్దది. అక్కడ స్టేషనే లేదు. 2013లో తెరిచిన విలియమ్స్ లాండింగ్ స్టేషన్‌కు బస్సులోనో కారులోనో వెళ్లాలి. టార్నెట్‌కు 2015లో స్టేషన్ వచ్చింది గానీ అక్కడాగేది సిటీ రైలు కాదు, దూరపు ఊళ్లకు వెళ్లే వీలైన్ రైలు. పొద్దుటి పూట అందులో నిలబడటానికి చోటు దొరికితే అదృష్టం. సికింద్రాబాద్ పొద్దుటి రైలు అలవాటున్న జనగామ మనిషికి ఇదేం పెద్ద కష్టం కాదు. స్టేషన్‌కు మూడు కిలోమీటర్ల అవతల కొత్త వెంచర్లో ఇల్లు తీసుకున్న ఇల్లాలికి మాత్రం కష్టమే. కొత్త ఇల్లు అద్దెకు చవక, గదులు పెద్దవి. కానీ ఆ వీధిలో బడి, బస్సు, క్లినిక్ ఇంకా బోర్డుల మీద బొమ్మలుగానే ఉంటాయి. పేరున్న శివవిష్ణు ఆలయం క్యారమ్ డౌన్స్‌లో, అంటే నగరానికి అటు చివర. కారులో గంట పైమాటే.

మెల్‌బోర్న్‌లో అద్దె వారం లెక్క. వారానికి 500 డాలర్లంటే నెలకు రెండు వేలు అనుకుంటే పొరపాటు, 2,170 దాటుతుంది. వారం అద్దె 900 లోపు ఉన్న ఇంటికి బాండ్, అంటే అడ్వాన్సు, నెల అద్దెకు మించి అడగకూడదు. ఆ డబ్బు యజమాని జేబులోకి పోకుండా ప్రభుత్వ బాండ్ అథారిటీ దగ్గర ఉంటుంది. ఇల్లు చూడటానికి పావుగంట ఓపెన్ ఇన్‌స్పెక్షన్ పెడతారు. పది పదిహేను కుటుంబాలు చెప్పులు విడిచి వరుసగా గదులు చూసి వస్తాయి. పాత అద్దె చరిత్ర లేని కొత్తవాళ్లకు ఆఫర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్లే దిక్కు. దిగిన రోజు తీసే గోడల ఫొటోలు ఖాళీచేసే రోజున కాపాడతాయి.

ప్రభుత్వ బడిలో చోటు కోసం విక్టోరియాలో బతిమాలుకోవాల్సిన పనిలేదు. ఫైండ్ మై స్కూల్ సైట్లో చిరునామా కొడితే ఏ బడి జోన్‌లో ఉన్నారో చూపిస్తుంది, ఆ బడి చేర్చుకుని తీరాలి. కొత్త శివార్లలో కొత్త బడులు తెరిచే కొద్దీ జోన్ గీతలు మారుతుంటాయి కాబట్టి పోయినేటి మ్యాపును నమ్మకూడదు. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు ఫీజు ఉంటుందా అన్నది వీసాను బట్టీ రాష్ట్రాన్ని బట్టీ మారుతుంది. సిడ్నీనా మెల్‌బోర్నా అని తేల్చేముందే అది కనుక్కోవాలి. 2023 నుంచి విక్టోరియాలో మూడు, నాలుగేళ్ల పిల్లలకు బడికి ముందుండే కిండర్ ఉచితం. కానీ అది మామూలుగా వారానికి 15 గంటల లోపు సంగతి. రోజంతా చూసుకునే చైల్డ్‌కేర్‌కు ప్రభుత్వమిచ్చే సబ్సిడీ తాత్కాలిక వీసాదారుల్లో చాలామందికి అందదు.

ఇంగ్లండ్‌లో బడి దగ్గర ఇల్లుంటే చాలదు, తేదీ కూడా పట్టుకోవాలి. రిసెప్షన్‌కు దరఖాస్తు గడువు జనవరి 15. చిన్న తరగతుల్లో ఒక టీచరుకు ముప్పైమందికి మించకూడదని చట్టం. మార్చిలో దిగిన కుటుంబానికి ఎదురింటి బడి నిండిపోయి, రెండు బస్సులు మారే బడి దొరకడం అక్కడ మామూలే. అద్దెతో పాటు కౌన్సిల్ ట్యాక్స్ కూడా లెక్కలో వేసుకోవాలి. డిపాజిట్ సాధారణంగా ఐదు వారాల అద్దెకు మించదు.

దుబాయ్ లెక్క పూర్తిగా వేరు. బయటి దేశాలవాళ్లకు ప్రభుత్వ బడి అనే దారి దాదాపు లేదు, కాబట్టి ప్రైవేటు బడి ఫీజు చూసుకున్నాకే ఇల్లు. ఇండియన్ సిలబస్ బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. షార్జాలో అద్దె తక్కువని చేరినవాళ్లు ఆ మిగులును రోజూ దుబాయ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటల రూపంలో చెల్లిస్తారు.

మనోళ్లు ఉన్న ఊరు అన్న మాటను తీసిపారేయలేం. అయితే మనోళ్లు ఎప్పుడు కనిపిస్తారన్నది చూడాలి. బతుకమ్మకు స్కూల్ ఆడిటోరియంలో వెయ్యిమంది చేరే ఊరు కంటే, మంగళవారం పొద్దున పార్కు బెంచీ మీద ఇద్దరు తెలుగు అవ్వలు కూర్చునే కాంప్లెక్సు ఎక్కువ పనికొస్తుంది. కాన్పుకో, పిల్లను చూసుకోవడానికో ఊరినుంచి అత్తమామలు వస్తారు. అమెరికాలో సందర్శక వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. పాలకుర్తిలో సాయంత్రం నలుగురితో మాట్లాడి గానీ ఇల్లు చేరని మామ, నడక దారి లేని అపార్ట్‌మెంట్లో రెండో వారానికే వాపసు టికెట్ గురించి అడుగుతాడు.

వీలైతే మొదటి లీజు ఆరేడు నెలలకే రాయించుకోవడం తెలివైన పని. అద్దె కాస్త ఎక్కువైనా, భార్య వచ్చి ఊరు చూశాక రెండో ఇల్లు ఆమె ఎంచవచ్చు. అది కుదరకపోతే, సంతకానికి ముందు ఓ పనిరోజున ఆఫీసుకు సెలవు పెట్టి, కారు పక్కన పెట్టి, ఆ కాంప్లెక్సు నుంచి బడికీ కొట్టుకూ ఆయనే ఒకసారి నడిచి రావాలి. శనివారం కారులో వేసే చక్కర్లో ఆ దూరాలు తెలియవు.

వీసా కోసం ఎదురుచూసే రోజుల్లో ఊళ్లో చేయాల్సిన పని ఒకటుంది, టీకాల కార్డు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేసేది ఎంఆర్. అంటే తట్టు, రుబెల్లాలకే. టెక్సస్ కిండర్‌గార్టెన్ అడిగేది గవదబిళ్లలు కూడా కలిసిన ఎంఎంఆర్, దాంతోపాటు ఆటలమ్మ, హెపటైటిస్ ఎ టీకాలు, ఒక్కోటి రెండేసి డోసులు. ఇవి మన ఉచిత టీకాల పట్టికలో లేవు. హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో పిల్లల డాక్టరు దగ్గర వేయించుకోవచ్చు. డోసుల మధ్య వ్యవధి ఉండాలి కాబట్టి టికెట్ కొన్నాక మొదలుపెడితే ఆలస్యమే. విక్టోరియాలోనూ టీకాల రికార్డు సరిగా లేకుండా కిండర్‌లో చేర్చుకోరు. మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం మీద, పాస్‌పోర్టు మీద పిల్ల పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో కూడా ఆ రోజుల్లోనే చూసుకోవాలి.