గాలి దాచిన నీరు

(పరిశ్రమలలో సంపీడిత వాయువు నుండి వెలువడే నీటిని శుద్ధి చేయవలసిన ఆవశ్యకతను తెలుపుట ఈ పాఠం ఉద్దేశం.)

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నది. ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇటువంటి కరవు సీమలో గాలిని పిండితే నీరు వస్తుందనుట వింతగా తోచవచ్చు. కాని తాడిపత్రి సిమెంటు కర్మాగారాలకు, గుత్తి షెడ్డులోని రైలింజన్ల బ్రేకులకు, 2019లో పెనుకొండ చెంత ఉత్పత్తి ప్రారంభించిన కార్ల కర్మాగారానికి సంపీడిత వాయువు అవసరం. అది ఉన్నచోటనెల్లా ఈ నీరు పుడుతుంది.

కారణం సులభగ్రాహ్యం. ఎనిమిది ఘనమీటర్ల గాలిని కంప్రెసర్ ఒక ఘనమీటరుగా అదుముతుంది. గాలి అణగుతుంది గాని అందలి ఆవిరి తగ్గదు. 40 డిగ్రీల ఎండలో, సాపేక్ష ఆర్ద్రత 20 శాతమే ఉన్నప్పుడు, ఆ గాలిలో సుమారు 80 గ్రాముల ఆవిరి ఉంటుంది. అదిమిన గాలి తిరిగి 40 డిగ్రీలకు చల్లారితే అందులో 51 గ్రాములే నిలుస్తుంది. తక్కినది నీరవుతుంది. వానకాలంలో ఈ నీరు మరింత అధికం. 30 డిగ్రీల వద్ద ఆర్ద్రత 60 శాతమైతే, నిమిషానికి పది ఘనమీటర్ల గాలిని పీల్చే యంత్రం నుండి రోజుకు సుమారు 200 లీటర్లు వెలువడుతుంది.

ఈ నీరు గొట్టాలలో నిలిస్తే అవి తుప్పు పడతాయి, పనిముట్లు చెడతాయి. కవాటాన్ని ఓరగా తెరచి ఉంచితే నీటితోపాటు గాలి, దానితో విద్యుత్తు వృథా అవుతాయి. కనుక నీటి మట్టాన్ని గుర్తించి తెరచుకొనే స్వయంచాలక కవాటం మేలు.

అయితే ఇది శుద్ధజలం కాదు. కందెన వాడే యంత్రాల నుండి వచ్చే నీటిలో నూనె కలసి ఉంటుంది. దానిని నేలపై వదలితే భూగర్భజలానికే ముప్పు. బోరుబావులే ఆధారమైన సీమకు అంతకన్న చేటు వేరొకటి లేదు. అందుచేత నూనెను వేరుచేసే తొట్టి గుండా, ఉత్తేజిత కర్బనం గుండా నీటిని పంపాలి. 1986 పర్యావరణ పరిరక్షణ నియమావళి ప్రకారం, సేద్యపు నేలకు వదలే నీటిలో నూనె, జిడ్డు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదు. వేరైన నూనెను అధీకృత పునశ్శుద్ధి కేంద్రాలకే అప్పగించాలి.

చుక్క నీటి విలువ ఎరిగిన నేలలో, ఒక చుక్కను చెరచుట కూడా అపరాధమే.

కఠిన పదాలు
సంపీడితం = అదిమి ఉంచబడినది
ఆర్ద్రత = తేమ
అధీకృత = అధికారం పొందిన

ప్రశ్నలు
1. ఎండకాలంలో సైతం సంపీడిత వాయువు నుండి నీరు ఎట్లు వెలువడుతుంది?
2. ఆ నీటిని శుద్ధి చేయక వదలితే కలిగే అనర్థాలను వివరించండి.