చలికాలంలో ఉబ్బసం: క్యారల్స్‌కు వెళ్ళేముందు తెలుసుకోవలసినవి

డిసెంబరు రాగానే మన సంఘాల్లో క్యారల్స్ బృందాలు బయలుదేరతాయి. ముషీరాబాద్ సందుల్లో, తార్నాక కాలనీల్లో చలిలోనే పాటలు సాగుతాయి. 31వ తేదీ రాత్రి ఆరాధన సరేసరి. ఈ సంతోషం మధ్య ఆయాసంతో ఎవరూ ఆసుపత్రికి పరుగెత్తకూడదనే ఈ పాఠం.

చలి ఎలా పనిచేస్తుంది?

ఉబ్బసానికి మూలం చలి కాదు, శ్వాసనాళాల లోపలి పొరలో ఉండే వాపు. చల్లని పొడిగాలి ఆ పొరను ఆరబెట్టినప్పుడు నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. దాంతో పిల్లికూతలు, దగ్గు, ఆయాసం మొదలవుతాయి. పాడేటప్పుడు నోటితో గాలి పీలుస్తాం కనుక ముక్కులో అది వెచ్చబడే వీలుండదు.

పైగా శీతకాలపు తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ పైకి పోలేక కిందనే నిలుస్తాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నడకకు వెళ్ళేవారు బాగా ఎండ వచ్చాక వెళ్ళడం మేలు. భోగిమంటలకు దూరంగా ఉండండి.

మిగతా కాలాల మాట

మే నెల ఎండలో వాహనాల పొగ నుండి ఓజోన్ వాయువు పుట్టి నాళాలను మండిస్తుంది. ఇన్‌హేలర్‌ను స్కూటర్ డిక్కీలో, కారులో ఉంచకండి. ఎక్కువ వేడికి పాడవుతుంది. వానాకాలంలో గోడల బూజు, వయ్యారిభామ పుప్పొడి కొందరికి పడవు. 2016 నవంబరులో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉరుముల గాలివాన పుప్పొడిని చెదరగొట్టినప్పుడు వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు చేరారు, పదిమంది మరణించారు.

అసలు ప్రమాదం

ఎక్కువ మోతాదు మందులు సరిగా వాడుతున్నా అదుపులోకి రానిదే తీవ్రమైన ఉబ్బసం. ఇలాంటివారికి వాతావరణంలో కొద్దిపాటి మార్పు చాలు. అయినా ఒంట్లో బాగుందని రోజువారీ ఇన్‌హేలర్ మానేయడం చాలామందిలో చూస్తున్నాం. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప మందు వేయించుకుని మానేసేవారూ ఉన్నారు. ఆ మందు ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వాపు తగ్గించే ఇన్‌హేలర్ ఏ కాలంలోనూ డాక్టరును అడగకుండా మానకూడదు. వాడిన తరువాత నోరు పుక్కిలించాలి.

రాత్రి బయటికి వెళ్తే

* ముక్కు, నోరు మూసేలా మఫ్లర్ కట్టుకోండి.
* వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి.
* తోటివారిలో ఒకరికైనా మీ జబ్బు సంగతి చెప్పి ఉంచండి.
* జలుబు, దగ్గు ఉన్న రోజున ఇంట్లోనే ఉండండి.

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదవులు నీలిరంగుకు మారినా, ఇన్‌హేలర్‌తో ఉపశమనం లేకపోయినా తెల్లవారేదాకా ఆగకండి. కూర్చోబెట్టి, డాక్టరు చెప్పిన ప్రకారం మందు పీలుస్తూ, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఊపిరి దేవుడిచ్చిన వరం. దాన్ని కాపాడుకోవడం మన బాధ్యత. మీ పాట ఈ క్రిస్మస్‌కే కాదు, ఇంకా ఎన్నో క్రిస్మస్‌లకు వినిపించాలని మా ప్రార్థన.