పిల్లికి తిరగబెట్టే పడిశము, కంటిపుసులు: గృహవైద్యం ఎంతవరకు?

పిల్లులను పెంచే గృహాలలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటి ఉన్నది. "నెల క్రితం పూర్తిగా తగ్గిన పడిశం మళ్ళీ వచ్చింది. అదే కన్ను, అదే పుసి, అవే తుమ్ములు" అని. అమీర్‌పేటలో నేను ఆయుర్వేద వైద్యుడిగా తెలిసినవాడిని కావడం వలన, ఇరుగుపొరుగు వారు తమ దగ్గుకు కషాయం అడిగి, లేవబోతూ గుమ్మం దగ్గర ఆగి, కొంత మొహమాటంగా "డాక్టరుగారూ, పిల్లికి కూడా ఆ తులసి రసమే పోయవచ్చాండీ?" అని ప్రశ్నిస్తారు. మా ఇంటిలో పదకొండేళ్ళుగా ఉన్న చుక్కి అనే పిల్లిది కూడా ఇదే వ్యాధి. కనుక ఈ విషయమై చదివినది, పశువైద్యుల వలన తెలుసుకొన్నది, ఇంటిలో గమనించినది పాఠకుల ముందుంచుతున్నాను. మనుష్యులకు ఉపకరించే పెరటి మందులలో అనేకం పిల్లికి హానికరాలు, కొన్ని ప్రాణాంతకాలు కూడా. అందువలన ఈ పాఠంలో చేయదగిన వాటికంటె చేయరానివే ఎక్కువగా కనిపించవచ్చును.

వ్యాధి స్వభావం

పిల్లులలో పదేపదే వచ్చే పడిశానికి ముఖ్యకారణం హెర్పిస్ జాతికి చెందిన ఒక వైరస్. 1958లో అమెరికాలో క్రాండెల్, మౌరర్ అనే శాస్త్రజ్ఞులు దీనిని వర్ణించారు. సాధారణంగా పిల్లి కూన దశలోనే, తల్లి వలన గాని తోటి కూనల వలన గాని ఇది సంక్రమిస్తుంది. తుమ్ములు, ముక్కు వెంట చీమిడి, కంటి కలక, జ్వరం వచ్చి రెండు మూడు వారాలలో తగ్గిపోతాయి. అయితే తగ్గేది లక్షణాలు మాత్రమే. ముఖానికి స్పర్శజ్ఞానం కలిగించే ట్రైజెమినల్ నాడి మూలంలోని కణాలలో వైరస్ నిద్రాణంగా నిలిచిపోతుంది. వ్యాధి సోకిన పిల్లులలో సుమారు 80 శాతం జీవితాంతం దానిని మోస్తూనే ఉంటాయి.

జ్వరం వచ్చి తగ్గిన తరువాత కొందరికి పెదవి అంచున పొక్కులు లేవడం పాఠకులు ఎరిగినదే. ప్రతిసారీ దాదాపు అదే చోట లేస్తాయి. అదియును హెర్పిస్ జాతి వైరస్ వలన కలిగేదే, దాని నివాసం కూడా ఆ నాడీ మూలమే. అంతమాత్రాన పిల్లి నుండి మనకు అంటుతుందని భయపడవలసిన పనిలేదు. పిల్లి హెర్పిస్ పిల్లిజాతికే పరిమితం. ఇంటిలో గర్భిణి ఉన్నారనియో, పసిబిడ్డ ఉన్నాడనియో ఈ వ్యాధి కారణంగా పిల్లిని వీధిలో వదలివేయడం అన్యాయం.

తిరగబెట్టడానికి కారణం చలిగాలి అని పెద్దలు అంటారు. అది సగం మాట మాత్రమే. పిల్లి మనస్సుకు గాని శరీరానికి గాని ఒత్తిడి కలిగినప్పుడు నిద్రాణమైన వైరస్ మేల్కొంటుంది. స్థలం మార్పు, కొత్త పిల్లి రాక, ప్రసవం, మరొక జబ్బు, కార్టిజోన్ జాతి స్టెరాయిడ్ మందులు ఇందులో ముఖ్యమైనవి. ఇచ్చట గుర్తించవలసిన విషయం కాలవ్యవధి. ఒత్తిడి కలిగిన రోజున తుమ్ములు రావు, సుమారు వారం రోజులకు వస్తాయి. దీపావళి నాటి టపాకాయలకు పిల్లి మంచం క్రింద నక్కుతుంది. ఎనిమిదో రోజున కన్ను నీరు కారుతుంది. అప్పటికి దీపావళి సంగతి మరచిన మనం, ముందునాటి రాత్రి తెరచియున్న కిటికీని నిందిస్తాము.

ఈ కారణంగానే నేను ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకొన్నాను. తుమ్ములు మొదలైన తేదీ వ్రాసి, దానికి పది రోజుల వెనుకకు వెళ్ళి ఇంటిలో ఏమి జరిగినదో వ్రాస్తాను. మూడేళ్ళ వ్రాతలో తేలినవి ఇవి: సంక్రాంతికి మేము ఊరు వెళ్ళడం, గోడలకు సున్నం వేయించడం, బంధువుల రాకతో గది మారడం. ఆషాఢమాసంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజులలో మా వీధిలో రద్దీ, డప్పుల చప్పుడు అధికంగా ఉంటాయి. ఆ తరువాత కూడా రెండు పర్యాయాలు తిరగబెట్టినది. ఆశ్చర్యమేమనగా, 2017 నవంబరులో అమీర్‌పేట మీదుగా మెట్రో రైలు ప్రారంభం కావడానికి ముందు మా వైపు రేయింబవళ్ళు యంత్రాల రొద ఉండేది. దానికి చుక్కి త్వరలోనే అలవాటు పడినది. నిత్యం ఉండే రొద కంటె ఆకస్మికమైన మార్పే పిల్లికి ఎక్కువ బాధాకరమని నా అభిప్రాయం. అమీర్‌పేట, పంజాగుట్ట వంటి చోట్ల నిశ్శబ్దం కొరకు వెదకడం వృథా గాని, ఇంటిలోపల పిల్లి దినచర్యను కాపాడడం మన చేతిలోని పని.

ఆయుర్వేదంలో నిదాన పరివర్జనం అనగా కారణాన్ని విడనాడడం చికిత్సలో మొదటి మెట్టు. ఈ వ్యాధిలో దానికున్న ప్రాధాన్యం మరి దేనికీ లేదు. పిల్లి దాగుకొనడానికి ఒక అట్టపెట్టె, ఎక్కి కూర్చొనడానికి బీరువా పైన ఒక గుడ్డ, రోజూ ఒకే వేళకు ఆహారం, ఎన్ని పిల్లులు ఉంటే అంతకంటె ఒకటి ఎక్కువగా మట్టి పళ్ళేలు ఉండవలెను. ఊరు వెళ్ళవలసి వచ్చినప్పుడు బస్సులో వెంట తీసుకొనిపోవడం కంటె, తెలిసినవారు ఎవరైనా రోజుకు రెండుసార్లు ఇంటికి వచ్చి చూచుకొనే ఏర్పాటు మేలు. అగరువత్తుల పొగ, సాంబ్రాణి, దోమల చుట్ట ఈ పిల్లుల ముక్కును, కళ్ళను రేపుతాయి. పూజగదిలో ధూపం వేసే వేళ పిల్లిని మరొక గదిలో ఉంచితే సరిపోతుంది, పూజ మానవలసిన అవసరం లేదు.

మన మందులు, దాని శరీరం

ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం, గుర్రాలకు శాలిహోత్రుని పేరిట అశ్వశాస్త్రం వేరువేరుగా వెలసినవంటే, ఒక జీవికి పనికివచ్చినది మరొక జీవికి పనికివచ్చి తీరుతుందని మన పూర్వులు భావించలేదని స్పష్టం. సాత్మ్యం అనే మాటను మనం మనుష్యుల ఆహారం విషయంలోనే తలచుకొంటాము. పిల్లి విషయంలో అది మరింత సూక్ష్మంగా ఆలోచించవలసిన మాట.

మన కాలేయం అనేక ఔషధ ద్రవ్యాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి, విషం విరిచి, బయటకు పంపుతుంది. పిల్లి కాలేయానికి ఈ శక్తి చాల తక్కువ. తరతరాలుగా కేవల మాంసాహారి కావడం వలన మొక్కలలోని ద్రవ్యాలను విరిచే అవసరం దానికి కలుగలేదు. అందువలన మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి. చంటిపిల్లల జ్వరం మందులో ఉండేది కూడా ఈ పారాసిటమాలే. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగులగొడతాయి. పడిశానికి వెల్లుల్లి పాలు పోయడం ఎంతమాత్రం తగదు. కర్పూరం, నీలగిరి తైలం, తలనొప్పికి రాసుకొనే బామ్‌లు ఛాతీకి పట్టించరాదు, ఆవిరిలో కలపరాదు. పిల్లి తన ఒంటిపై ఏది పడినా నాకి మింగుతుంది. తులసి ఆకు ఒకటి కొరికినంత మాత్రాన ప్రమాదం లేదు గాని, తులసి, లవంగ తైలాలలోని యూజినాల్ దానికి పడదు. నేల తుడిచే ఫినాయిల్, డెట్టాల్ వంటివి కూడా ఇదే కోవలోనివి. తడి నేలపై నడిచి పాదాలు నాకుతుంది కదా!

కంటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పసుపు నీరు, తేనె, చనుబాలు, ఆముదం, రోజ్‌వాటర్, త్రిఫల కషాయం వేయవచ్చునా అని అడుగుతారు. వేయరాదు. హెర్పిస్ వైరస్ కంటి నల్లగ్రుడ్డుపై చెట్టుకొమ్మల ఆకారంలో సన్నని పుండు చేస్తుంది. అది పైకి కనబడదు. పశువైద్యులు ఒక రంగు చుక్కను వేసి, నీలికాంతిలో చూచినప్పుడు ఆకుపచ్చగా మెరుస్తుంది. అటువంటి పుండుపై ఎంత వడగట్టిన కషాయమైనను, అందులోని నలుసు గీసుకొనిపోవచ్చును, సూక్ష్మక్రిములు చేరవచ్చును.

అన్నిటికంటె ప్రమాదం స్టెరాయిడ్ కలిసిన కంటిచుక్కలు. పంజాగుట్టలో నాకు తెలిసిన ఒక కుటుంబంలో తాతగారికి శుక్లాల ఆపరేషన్ జరిగిన తరువాత మిగిలిన చుక్కల మందును, కన్ను ఎర్రబడిన తమ పిల్లికి వేశారు. రెండు రోజులు ఎరుపు తగ్గినది, ఇంటిల్లిపాది సంతోషించారు. తరువాత కన్ను నీలితెలుపుగా మారి, పుండు లోతుకు దిగి, చివరకు ఆ కన్ను తీసివేయవలసి వచ్చినది. స్టెరాయిడ్ వాపును అణచి, వైరస్‌కు దారి ఇస్తుంది. ఎరుపు తగ్గడం కన్ను బాగుపడడానికి గుర్తు కాదు.

ఇంటిలో చేయదగిన ఉపచారం

తుమ్ములు, నీరు కారడం స్వల్పంగా ఉండి, పిల్లి మామూలుగా తింటున్నప్పుడు ఈ క్రింది ఉపచారం చాలును.

మందుల దుకాణంలో దొరికే నార్మల్ సెలైన్ ఉత్తమం. లేనిచో పావు లీటరు కాచి చల్లార్చిన నీటిలో, సమతలంగా తీసిన టీ చెంచాలో మూడవ వంతుకు కొద్దిగా మించిన ఉప్పు కరిగించవలెను. ఏ రోజుకు ఆ రోజు చేసుకొనవలెను. దూదిని ఇందులో తడిపి, కంటి మూలన గట్టిపడిన పుసిపై నిమిషం సేపు ఉంచితే అది నానుతుంది. అప్పుడు ముక్కువైపు నుండి వెలుపలికి మృదువుగా తుడవవలెను. రెండవ కంటికి వేరే దూది వాడవలెను. ఎండిన పుసిని గోటితో పెరకడం కూడదు.

ముక్కు మూసుకొనిపోయినప్పుడు స్నానాల గదిలో వేడినీరు వదలి, తలుపు మూసి, ఆవిరి నిండిన తరువాత పిల్లితో కలిసి పది పదిహేను నిమిషాలు కూర్చొనండి. రోజుకు రెండుసార్లు చేయవచ్చును. పిల్లి తలపై దుప్పటి కప్పి మరిగే గిన్నె ముందు ఉంచడం క్రూరం, ప్రమాదకరం కూడా. ఆ ఆవిరిలో ఏ ఆకూ, ఏ తైలమూ అవసరం లేదు.

పిల్లి వాసన తెలియనిదే ముద్ద ముట్టదు. పడిశంలో అది పస్తుండడానికి కారణం మొండితనం కాదు. ముల్లు తీసిన చేపను గాని, ఉప్పు కారాలు, ఉల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని గాని, మణికట్టుపై వేసుకొంటే గోరువెచ్చగా తోచేంత వేడిచేసి పెట్టండి. వేడికి వాసన లేస్తుంది. రెండు మూడు రోజులు పూర్తిగా పస్తుంటే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది. మనుష్యుల జ్వరంలో చెప్పే లంఖణం పరమౌషధమనే మాట పిల్లికి అన్వయించరాదు.

ఇచ్చట శాకాహార గృహాల వారికి ఒక మాట చెప్పక తప్పదు. పెరుగన్నంతో పెరిగిన పిల్లి బ్రతుకుతున్నట్లే కనిపిస్తుంది గాని, టారిన్ అనే పదార్థం మాంసాహారం వలననే దానికి లభిస్తుంది. అది కొరవడితే కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. క్యారెట్టులోని పసుపు పదార్థాన్ని 'ఎ' విటమినుగా మార్చుకొనే శక్తి కూడా దానికి లేదు. మాంసం వండడం ఇష్టం లేనివారు పిల్లుల కొరకు తయారైన ఆహారం కొని పెట్టవచ్చును.

ఇంటిలో వేరే పిల్లులుంటే జబ్బుపిల్లిని వేరు గదిలో ఉంచి, గిన్నెలు వేరుచేసి, దానిని ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగవలెను. ఈ వైరస్ బయట తడిలో దాదాపు ఒక రోజుకు మించి నిలువదు. సబ్బుకు, ఎండకు సులభంగా నశిస్తుంది.

పశువైద్యుని వద్దకు ఎప్పుడు?

కన్ను సగం మూసి ఉంచడం, కనుగ్రుడ్డుపై మసక, చిక్కని పచ్చని చీము, నోటితో శ్వాస, ఒక పూర్తి రోజు ఆహారం ముట్టకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినను ఉపచారాలు ఆపి బయలుదేరవలెను. పిల్లికూన అయితే పూటయినా ఆగరాదు. మా ప్రాంతం వారికి నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల అందుబాటులో ఉన్నాయి. నోటిలో పుండ్లు ఉంటే కాలిసి అనే మరొక వైరస్ కావచ్చును, క్లమీడియా అనే సూక్ష్మజీవి కూడా కంటికలక తెస్తుంది. వీటికి చికిత్సలు వేరు.

హెర్పిస్‌కు ఫామ్‌సైక్లోవిర్ అనే మాత్ర పిల్లులలో బాగుగా పనిచేస్తున్నది. మోతాదును పిల్లి బరువును, మూత్రపిండాల స్థితిని చూచి వైద్యులే నిర్ణయించవలెను. పేరులో పోలిక ఉన్నదని మనుష్యులు వాడే ఏసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ మాత్రలు మ్రింగించరాదు. అవి పిల్లుల ఎముక మజ్జను, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దుకాణాలలో లైసిన్ ముద్దలు, పొడులు ఈ వ్యాధికని అమ్ముతున్నారు. 2015లో ప్రచురితమైన ఒక సమగ్ర పరిశీలన, వాటివలన పిల్లులకు మేలు లేదని తేల్చినది. ఆ డబ్బుతో మంచి చేప కొనడం మేలని నా సలహా.

టీకా సంక్రమణను పూర్తిగా ఆపదు గాని వ్యాధి తీవ్రతను బాగా తగ్గిస్తుంది. ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల కొకసారి, పదహారు వారాలు నిండేవరకు వేయించవలెను.

ఆసుపత్రి ప్రయాణం కూడా పిల్లికి ఒక ఒత్తిడియే. దానికి మూతబుట్ట కనబడగానే పారిపోయే అలవాటుంటే, బుట్టను అవసరమైన రోజున అటకమీద నుండి దించకండి. మూత తెరచి, లోపల మీ పాత చీరముక్క పరచి, ఎప్పుడూ హాలులోనే ఒక మూల ఉంచండి. కొన్నాళ్ళకు పిల్లి తనంత తానే అందులో పడుకొంటుంది. ఆటోలో వెళ్ళేటప్పుడు బుట్టపై తువ్వాలు కప్పి, ఒళ్ళో పెట్టుకొని కూర్చొనండి. వైద్యశాలలో కుక్కలు కూర్చున్న వైపునకు వెళ్ళక, బుట్టను నేలపై గాక బల్లపై ఉంచండి.